680 మీటర్లు

తొమ్మిదో తరగతి యాన్యువల్ పరీక్షలో వచ్చిన లెక్క ఒకటి నన్ను ఇప్పటికీ వదల్లేదు. కొండకి ఎదురుగా నిలబడి ఒకడు చప్పట్లు కొట్టాడు. 2 సెకన్లకి ప్రతిధ్వని వినిపించింది. ధ్వని వేగం సెకనుకి 340 మీటర్లయితే కొండ ఎంత దూరం? నేను 680 అని రాసి, కింద దర్జాగా రెండు గీతలు కొట్టాను. పేపర్లు ఇచ్చిన రోజు మాస్టారు నన్ను లేపి, "ఏటిరా, నీ చప్పుడు కొండ దగ్గిరికెళ్లి అక్కడే ఉండిపోనాదేటి? తిరిగి రావొద్దా?" అన్నారు. క్లాసు క్లాసంతా నవ్వింది. మన బడి పాత విద్యార్థుల ఈ సంచిక చదువుతున్నవాళ్లలో నవ్వినవాళ్లు కొందరైనా ఉంటారు.

ఆ పేపరు కష్టంగా వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాం. నిజానికి మిగతా ప్రశ్నలన్నిటికీ పుస్తకంలో మాటలు పొల్లుపోకుండా దించితే చాలు. మనకి దించడం వచ్చు. మరి దించడానికి మన దగ్గరున్నదేమిటి? సీనియర్ల నోట్సు, అదీ వాళ్ల సీనియర్ల దగ్గర ఎత్తి రాసుకున్నది. ఏ చేతి దగ్గర ఒక దీర్ఘం ఎక్కువ పడిందో గానీ, ధ్వని తరంగంలో గాలి ఒత్తుకునే సంపీడనాలు, పలచబడే 'విరాళీకరణాలు' ఉంటాయని సగం క్లాసు రాసింది. గాలి చందాలు పోగేస్తోందని మాస్టారు అనుకున్నారేమో.

ఎత్తి రాస్తే ఏమవుతుందో నాకు అర్థమైంది విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, మా బాబాయి క్యాసెట్ల షాపులో. చీటీ మీద పాటలు రాసి ఖాళీ క్యాసెట్ ఇస్తే సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవాడు. ఎక్కించిన దాంట్లోంచి మళ్లీ ఎక్కించమంటే మాత్రం విసుక్కునేవాడు. ప్రతిసారీ టేపు తన 'సుయ్'మనే చప్పుడు ఇంకో పొర కలుపుతుంది మరి. క్యాసెట్‌లో టేపు సెకనుకి 5 సెంటీమీటర్లు కూడా నడవదు. టేపుని చదివే హెడ్ దానికి నిటారుగా ఉండాలి, కాస్త వాలితే ముందు పోయేవి సన్నటి స్వరాలే. "సకారం విను. హకారంలా మెత్తబడితే హెడ్ వాలినట్టే" అని చిన్న స్క్రూ తిప్పేవాడు. పాటలో 'స' ఒక్కసారి పళ్లు బయటపెట్టేది!

మహారాజా సంగీత కళాశాల ముందు నుంచి సైకిల్ మీద వెళ్తుంటే సాయంత్రాలు వయొలిన్ సాధన వినపడేది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాలుగా చేసిన చోటు, వినపడకపోతేనే వింత. కమాను తీగ మీద గీసుకునే గరగర రోడ్డు దాకా వచ్చేది. షాపులో వయొలిన్ క్యాసెట్ పెడితే రాగం ఉండేది, ఆ గరగర ఉండేది కాదు. నేను ధ్వనితో పనిచేసే ఈ వృత్తిలోకి రావడానికి కారణం ఆ గరగరే అనుకుంటాను.

మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వినపడతాయని బిట్ పేపర్లో నిద్రలో లేపినా రాసేవాళ్లం. ఆ అంకెతోనే నాకు అన్నం పెట్టే పని నడుస్తుందని ఎవరనుకున్నారు? 20,000 పట్టాలంటే సెకనుకి దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు ధ్వనిని కొలవాలి. అందుకే సీడీలో 44,100. సగం చెయ్యడం మర్చిపోయినవాడికి రెట్టింపు చెయ్యడంలో బతుకుతెరువు దొరికింది. 96,000సార్లు కొలిచిన రికార్డింగులు వినమని కుర్రాళ్లు తెచ్చిస్తారు. నాకు తేడా తెలియదు. అసలు 13,000 దాటితే ఈ చెవులకి ఇప్పుడు ఏమీ ఆనదు. ఒకటి మాత్రం హాయి. అంకెల్లోకి మారాక వంద కాపీలు తీసినా వందోదీ మొదటిదీ ఒకటే, దీర్ఘాలు వాటంతట అవి పెరగవు.

విరాళాల జాబితా చివరి పేజీల్లో వేస్తున్నామని సంపాదక మిత్రులు చెప్పారు. ప్రూఫులు దిద్దేవారికి ఒక మనవి: పైన 'విరాళీకరణాలు' అని కావాలనే రాశాను. దిద్దకండి.