నెత్తళ్ల మూటతో కొండెక్కాను

ఒడిశాలోని గోపాలపురం ఒడ్డుకు చేరేసరికి ఉదయం ఏడు దాటింది. పడవలు అప్పటికే వచ్చేశాయి. వలలోంచి కానాగంతలు దులుపుతున్న ఇద్దరు తెలుగులో తిట్టుకుంటున్నారు. ఆ తిట్లు వింటే మా ఇచ్ఛాపురం దాటి రానట్టే ఉంది. ఒడియావారు వీరిని నొలియాలంటారు. వీరికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బేరంలో రెండూ.

పాత వల పరిచి నెత్తళ్లనే చిన్న చేపలు ఆరబెడుతున్న ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. వేట ఎలా ఉందత్తా అని అడిగితే, ‘సముద్రం మాది ఏడాదికి ఎన్ని నెలలు బాబూ?’ అంది. రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెడతాయని నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ తీరంలో 20 కిలోమీటర్ల లోపు మరబోట్ల వేటకు నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా ఉండే వేట విరామం వేరే. తాబేలు బతకాలి, కాదనను. కానీ వల కోసం చేసిన అప్పుకు వడ్డీ ఆ నెలల్లో ఆగదు కదా.

పర్లాకిమిడి వెళుతున్నానని చెప్పడమే నా తప్పు. ‘మా ఆడపడుచుకు ఇచ్చేయి బాబూ’ అంటూ అయిదు కిలోల నెత్తళ్ల మూట చేతిలో పెట్టింది. బరంపురంలో పట్టుచీరల మగ్గాలు చూడాలనుకున్నాను. ఆ వాసనతో నేత ఇంటి గడప తొక్కే ధైర్యం చాలలేదు. బస్సులో కండక్టరు మూటను పైకెక్కించాడు. నన్ను కూడా ఎక్కించాలని అతనికి ఉన్నట్టు తోచింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అటు చేరిన పర్లాకిమిడిలో, అంగళ్ల ముందు నిలబడితే ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. గిడుగు రామమూర్తి ఇక్కడే బడిపంతులుగా పనిచేస్తూ సవరల భాష నేర్చుకున్నారు. 1931లో దాని వ్యాకరణం అచ్చయింది. ఆడపడుచుకు ఆయన పేరు తెలియదు గానీ ఆమె సవర మాట్లాడుతుంది. ‘రాకపోతే సంతలో ఎవరు కొంటారు?’ అంది.

మర్నాడు తెల్లవారక ముందే ఆమెతో జీపెక్కి సంతకని గుమ్మా వైపు బయలుదేరాను. వెలుగు వచ్చాక కొండవాలున మెట్లు మెట్లుగా వరిమడులు కనిపించాయి. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గట్లు అవి. పైనుంచి దిగే ఊటనీరు మడి నుంచి మడికి జారుతుంది. లాంజియా సవరలు తరతరాలుగా కట్టుకుంటూ వచ్చిన పని ఇది. మన కాలువ గట్లు ఏటేటా తెగడం చూసినవాడిని, కాసేపు నోట మాట రాలేదు.

దారిలో ఆగిన ఊళ్లో ఒక్క ఇంట్లోనే ఇడిటాల్ చూశాను. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసిన మనుషులు, ఏనుగులు, నెమళ్లు, వాటి మధ్య ఒక సైకిలు. అది అలంకారం కాదు, పితృదేవతలకు ఇచ్చే ఇల్లు. పక్కిళ్ల గోడలపై శిలువలున్నాయి. నగరాల్లో ఇవే బొమ్మలు చీరల మీదికి ఎక్కుతుంటే ఇక్కడి గోడలు ఖాళీ అవుతున్నాయి.

సంతలో మూట విప్పీ విప్పకముందే చుట్టూ మూగారు. ఒక సవర అవ్వ గుప్పెడు నెత్తళ్లు తీసి వాసన చూసింది. ఒకటి నమిలి, ఆడపడుచుతో ఏదో అంది. ‘ఉప్పు తక్కువట, మా వదిన చెయ్యేనా ఇది అంటోంది’ అని ఆమె నవ్వింది. చోడి (రాగి) అంబలిలోకి ఇవి లేకపోతే ముద్ద దిగదట. అవ్వ కొంత డబ్బిచ్చి, మిగతాదానికి చింతపండు కొలిచింది.

పదకొండు గంటలకల్లా మూట ఖాళీ అయింది. జీపెక్కబోతుంటే ఆడపడుచు అదే గోనెలో చింతపండు కట్టి నా ఒళ్లో పెట్టింది.

‘వెళ్లేటప్పుడు గోపాలపురం మీదుగానేగా బాబూ? వదినకు ఇవ్వు. ఉప్పు సంగతి కూడా చెప్పు.’