ఇంకమీప్ పిల్లల గుర్రాలు

కెనడాలోని వాంకూవర్ నుంచి ఒసోయూస్‌కి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. మానింగ్ పార్క్ అడవి దాటి, కెరెమియోస్‌లో రోడ్డు పక్కన కొన్న చెర్రీలు తింటూ కిందికి దిగేసరికి పచ్చదనమంతా పోయి ఎండ, ఇసుక నేల, వెలిసిపోయిన పొదలు... అచ్చం మా అనంతపురమే. అందరూ ఇక్కడికి సరస్సు కోసమో వైన్ కోసమో వస్తారు. నేను బడిపిల్లలు గీసిన బొమ్మల కోసం వచ్చానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఒసోయూస్ ఆదివాసీ తెగవాళ్ల సాంస్కృతిక కేంద్రానికి 80 మీటర్ల మట్టిగోడ ఉంది. దిమ్మిసతో కొట్టిన మట్టి, పొరలు పొరలుగా రంగులు. నీడవైపు చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది, తాతగారింటి గోడలాగే.

పిల్లల్ని దూరపు హాస్టల్ బళ్లకి పంపడం ఇష్టంలేక తెగ పెద్ద బాప్టిస్ట్ జార్జ్ 1915లో వాళ్లుండే ఇంకమీప్‌లోనే బడి పెట్టించాడు. ఈ మాట ముందు చెప్పాలి, ఎందుకంటే కథంతా 1932లో వచ్చిన ఆంథనీ వాల్ష్ మేష్టారితోనే మొదలైనట్టు చెబుతారు. ఆయన పదేళ్లున్నాడు. సొంత భాష మాట్లాడితే పిల్లల్ని దండించే బళ్లున్న కాలంలో, మీ పెద్దల్ని కథలడిగి తెలుసుకోండి, వాటినే గీయండి, ఆడండి అన్నాడు. నోటుబుక్కులో బొమ్మ గీస్తే చెవి మెలిపెట్టిన మా లెక్కల మేష్టారు గుర్తొచ్చారు, పోనీలెండి.

గుర్రాలు, జింకలు, కౌబాయ్‌లు. గుర్రాన్ని రోజూ చూసే పిల్లలు గీసినవని కాళ్లు చూస్తేనే తెలిసిపోతుంది. ఇంకమీప్ బొమ్మలు లండన్‌లోని రాయల్ డ్రాయింగ్ సొసైటీదాకా వెళ్లి బహుమతులు తెచ్చాయి. సిస్-హుల్క్ పేరుతో ఫ్రాన్సిస్ బాప్టిస్ట్ అనే కుర్రాడు జింకతోలు మీద కూడా వేశాడు. మేష్టారు 1942లో వెళ్లిపోయి, తర్వాత మాంట్రియల్‌లో నిలువనీడ లేనివాళ్ల కోసం ఒక ఇల్లు నడిపాడు. బొమ్మలు మాత్రం ఒసోయూస్ మ్యూజియం దాచింది.

కెనడాలో ఆదివాసుల డే స్కూళ్లన్నీ, అంటే ఇంటి నుంచే రోజూ వెళ్లొచ్చే బళ్లన్నీ, ఇలాగే ఉండేవనుకుంటే పొరపాటే. వాటిలో దెబ్బలు, వేధింపులు పడ్డవాళ్లకి పరిహారమిచ్చే ఒప్పందాన్ని ఫెడరల్ కోర్టు ఆమోదించేసరికి 2019 వచ్చింది.

తిరుగు దారిలో, ఇంతకీ మేష్టారి ఫొటో తీశావా అంది మా ఆవిడ. తియ్యలేదు. ఫోన్ నిండా గుర్రాలే.