శ్రీనివాసులు: పేరు ఒకటే, స్పెల్లింగులు బోలెడు. నా అనుభవం

కడుపుతో ఉన్నప్పుడే అనుకున్నాను, అబ్బాయి పుడితే మా నాన్న పేరు పెట్టాలని. నాన్న పేరు శ్రీనివాసులు. ఈ మాట చెప్పగానే మా ఇంట్లోనూ అత్తగారింట్లోనూ అందరూ సంతోషించారు, ఎవరూ కాదనలేదు. అసలు చర్చ ఆ తర్వాత మొదలైంది. చివరి ‘లు’ ఉంచాలా తీసేయాలా? ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాయాలి? ఇప్పుడు బాబు బర్త్ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్ట్ అన్నీ చేతికొచ్చాయి కాబట్టి, ఇదే పేరు పెట్టాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా. మా వైపు ఈ పేరు శ్రీనివాసులే. వెంకన్నను కొలిచే ఇళ్లలో తాతో మామో చిన్నాన్నో ఎవరో ఒకరు శ్రీనివాసులు ఉంటారు. మా ఆయనది కాకినాడ వైపు. అక్కడ శ్రీనివాసరావులు ఎక్కువ. హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో శ్రీనివాస్‌లు, శ్రీనివాస్ రెడ్డిలు ఉన్నారు. బెంగళూరు వెళితే శ్రీనివాస, చెన్నై వెళితే శ్రీనివాసన్. ఎక్కడివాళ్లయినా మన ఇళ్లలో పిలవడం మాత్రం శ్రీను, సీను, వాసు. మా అమ్మ మా నాన్న పేరు నోటితో పలకదు కాబట్టి మనవణ్ణి ‘చిన్నోడా’ అంటుంది, రేపు వాడు పెద్దయినా అలాగే అంటుంది.

‘లు’ విషయంలో మా ఆయన అభిప్రాయం శ్రీనివాస్ అని పెట్టేద్దామని. చిన్నగా ఉంటుంది, ఏ ఊరెళ్లినా నడుస్తుంది, శ్రీనివాసులు అంటే పిల్లాడి పేరులా కాకుండా పెద్దాయన పేరులా ఉంటుంది అన్నారు. అత్తయ్య కూడా అదే మాట. నాకేమో శ్రీనివాస్ అనగానే ఇంకెవరో గుర్తొస్తారు, నాన్న గుర్తురారు. ఆ మాటే చెప్పాను. నాన్న పేరు పెడుతున్నామని అందరికీ చెప్పి, ఆ పేరును సగంలో ఆపేయడం నాకు ఇష్టం లేదన్నాను.

నేను ఊహించనిది నాన్న మాట. ఆయన రిటైరైన స్కూల్ టీచర్. ఫోన్‌లో అంతా విని, ‘ఏంటికి లేమ్మా, శ్రీనివాస్ అని పెట్టండి. శ్రీనివాసులు అని నన్ను బడిలో చేర్చినప్పుడు అయ్యవారు రాసుకున్నారు. అంతకుముందు మా అమ్మకు నేను సీనుగాణ్ణే’ అన్నారు. ఆ కాలంలో పేరూ పుట్టినతేదీ బడిలో అయ్యవారు ఏది రాసుకుంటే అదే ఖాయం. నాన్న చెప్పింది నిజమే. కానీ అయ్యవారు రాసిన ఆ పేరుతోనే ఆయన చదివారు, ఉద్యోగం చేశారు, ఊళ్లో ‘శ్రీనివాసులు సార్’ అనిపించుకున్నారు. నాకు తెలిసిన నాన్న ఆ శ్రీనివాసులు సారే. కాబట్టి నేను పట్టు వదల్లేదు. మా ఆయన కూడా చివరికి ‘సరే, మీ నాన్న పేరు, నువ్వు చెప్పినట్టే’ అన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నారు, నాకది చాలా పెద్ద విషయం.

నక్షత్రం కూడా కలిసొచ్చింది. బాబుది శతభిషం మూడో పాదం, అక్షరం ‘సీ’. శ్రీకారంతో మొదలయ్యే పేరుకు అది సరిపోతుందని పంతులుగారు ఒప్పుకున్నారు. నామకరణం రోజు బియ్యంలో ఉంగరంతో తెలుగులో శ్రీనివాసులు అని రాయించారు. తెలుగులో ఎవరు రాసినా అదొక్కటే. చిక్కంతా ఇంగ్లీషుతోనే.

ఇంగ్లీషు స్పెల్లింగు గురించి నేనింత పట్టించుకోవడానికి కారణం ఉంది. నాన్న ఎస్సెస్సెల్సీ (అప్పటి హైస్కూలు చివరి పరీక్ష) పుస్తకంలో పేరు ఎస్-ఆర్ తర్వాత రెండు ‘ఈ’ అక్షరాలతో ఉంది. సర్వీస్ రిజిస్టర్‌లో ఒక్క ‘ఐ’తో ఉంది. బ్యాంకు పాస్‌బుక్‌లో ‘శ్రీ’ విడిగా, ‘నివాసులు’ విడిగా పడింది, శ్రీ అనేది పేరులో భాగం కాదు, మర్యాదకు ముందు పెట్టే మాట అనుకున్నట్టుగా. పెన్షన్ కాగితాలప్పుడు ఈ పేర్లున్న మనిషి ఒకరే అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి ఇవ్వాల్సి వచ్చింది. అన్నేళ్లు ఉద్యోగం చేసిన మనిషి తాను తానేనని రుజువు చేసుకోవడం చూసి నాకు చాలా బాధేసింది. నా కొడుక్కి ఆ టెన్షన్ ఉండకూడదనుకున్నాను.

ఒక్కో స్పెల్లింగు గురించి నా అభిప్రాయం చెబుతాను.

రెండు ‘ఈ’ల స్పెల్లింగు అందమైనది. ‘శ్రీ’లో దీర్ఘం కళ్లకు కనిపిస్తుంది. కాకినాడలో పుట్టిన గాయకుడు పి.బి.శ్రీనివాస్ గారి పేరు అలాగే రాస్తారు. మలయాళీలకూ ఈ పద్ధతే ఇష్టం. కానీ ‘శ్రీ’ దీర్ఘానికి రెండు ‘ఈ’లు పెడితే ‘వా’ దీర్ఘానికి రెండు ‘ఏ’లు ఎందుకు పెట్టం? అక్కడ పెట్టనప్పుడు ఇక్కడ మాత్రం ఎందుకు? పలుకుబడికి న్యాయం చేయాలంటే పూర్తిగా చేయాలి. పూర్తిగా చేస్తే పదమూడు అక్షరాలు, మరీ పొడవైపోతుంది.

ఎస్-హెచ్-ఆర్‌తో మొదలయ్యేది మా మరిది చెప్పాడు. అతను డాలస్‌లో ఉంటాడు. ఇంగ్లీషు మాటల్లో ఎస్ పక్కన ఆర్ వచ్చి మొదలవడం ఉండదు, అందుకే అక్కడివాళ్ల నోరు తిరగదు, ఎస్-హెచ్-ఆర్ అయితే వాళ్లకు ‘ష్రింప్’ లాంటి మాటల వల్ల అలవాటే, పేరు బాగానే పలుకుతారు అన్నాడు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి పేరు కూడా చాలాచోట్ల హెచ్‌తోనే కనిపిస్తుంది. మరిది వాదనలో బలం ఉంది. పిల్లాడు అమెరికాలో పుట్టి ఉంటే నేను బహుశా దానికే ఓటేసేదాన్ని. కానీ వాడు పుట్టింది అనంతపురంలో, పెరుగుతున్నది హైదరాబాద్‌లో. ఇక్కడ హెచ్ ఉందని ప్రతి కౌంటర్ దగ్గరా చెప్పుకోవాలి.

ఇంకో దగ్గరి బంధువు న్యూమరాలజీ చూపించి ఒక ‘ఏ’ అదనంగా చేర్చమన్నారు. ప్రేమతోనే చెప్పారు. కానీ పలకని అక్షరం పేరులో పెడితే ఆ పిల్లాడు జన్మంతా దాన్ని చెప్పుకుంటూ తిరగాలి. మర్యాదగానే వద్దన్నాను.

మిగిలింది ఎస్-ఆర్-ఐ-ఎన్-ఐ-వి-ఎ-ఎస్-యు-ఎల్-యు. శ్రీశైలం, శ్రీకాకుళం, శ్రీకాళహస్తి, చివరికి శ్రీలంక కూడా ఎస్-ఆర్-ఐతోనే రాస్తాం. చదువుకున్న ప్రతి తెలుగువాడి చెయ్యీ ముందు అటే పోతుంది. చెప్పకపోయినా ఎదుటివాళ్లు సరిగ్గా రాసే స్పెల్లింగే మంచి స్పెల్లింగని నా నమ్మకం. నాన్న సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్నదీ అదే. అదే ఖాయం చేశాం.

ఇక కాగితాల సంగతి. బాబు 2024లో పుట్టాడు. ఆస్పత్రిలో పుడితే ఆ వివరాలు 21 రోజుల్లోపు రిజిస్ట్రార్‌కు పంపే బాధ్యత ఆస్పత్రిదే. డిశ్చార్జ్ రోజు కౌంటర్‌లో పేరు అడిగారు. చాలామంది ఆ హడావుడిలో ఏదో ఒకటి చెప్పేస్తారు. మేం ఖాళీగా ఉంచమన్నాం. చట్టం ప్రకారం పేరు లేకుండానే జననం నమోదవుతుంది. 12 నెలల్లోపు పేరు చేర్పించుకుంటే ఫీజు ఉండదు, ఆ తర్వాతయితే ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల వరకూ చేర్చుకోవచ్చు. ఖాళీలో పేరు చేర్చడం వేరు, పడిన పేరును మార్చడం వేరు. మార్చాలంటే ఉన్నది తప్పని ఆధారాలు చూపించాలి. అందుకే తొందరపడి ఏదో ఒకటి రాయించవద్దని అందరికీ చెబుతున్నాను.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు జాబితా వరకు పుట్టినతేదీకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. మన తరానికి టెన్త్ మెమో ఎలాగో వీళ్లకు ఇది అలా. ఇందులో పడిన స్పెల్లింగే వెంట వస్తుంది.

పేరు చేర్చమని ఇచ్చిన దరఖాస్తులో పేరు పెద్దక్షరాల్లో, అక్షరాల మధ్య ఖాళీ లేకుండా రాశాం. ఇంటిపేరు పూర్తిగా రాశాం, ఒక్క అక్షరానికి కుదించలేదు. సర్టిఫికెట్ ఇవ్వబోయే ముందు పేరు స్క్రీన్ మీద ఒకసారి చూపించమని అడిగాం, చూపించారు. సర్టిఫికెట్ అనుకున్నట్టే వచ్చింది.

ఆధార్ దగ్గరే కాస్త ఇబ్బంది. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు, తల్లి లేదా తండ్రి ఆధార్‌తో కలిపి నీలం రంగు బాల ఆధార్ ఇస్తారు. మేం వెళ్లిన సెంటర్‌లో ఆపరేటర్ ఇంగ్లీషులో పేరు కొట్టగానే కింద తెలుగు దానంతటదే పడింది. చూస్తే ‘స్రీనివాసులు’. శకారం పోయి సకారం వచ్చింది. ‘ఇంగ్లీషు కరెక్టే కదా మేడం, తెలుగు ఎవరు చూస్తారు’ అన్నాడు ఆ అబ్బాయి. ‘మేం చూస్తాం బాబూ, వాళ్ల తాత తెలుగు చెప్పిన మనిషి’ అన్నాను. వెనక క్యూ ఉన్నా ఓపిగ్గా సరిచేశాడు. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండే అవకాశాలు. వాటిలో ఒకటి సకారానికి ఖర్చు పెట్టడం అన్యాయం. రసీదు ఇచ్చేముందు రెండు భాషల వరసలూ చదవండి. ఓటరు జాబితాల్లో, రేషన్ కార్డుల్లో మన పేర్లు ఎలా విరిగిపోయాయో ఒకసారి చూస్తే నేనెందుకు చెబుతున్నానో అర్థమవుతుంది.

పాస్‌పోర్ట్ తేలిగ్గా అయిపోయింది. ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. రెండూ నింపండి. మొత్తం ఒకే గడిలో పెడితే, అమెరికా వీసా మీద పేరు ఉండాల్సిన చోట పేరు తెలియదు అనే అర్థంతో ఎఫ్-ఎన్-యు అని పడుతుంది. మా మరిది స్నేహితుడొకరు బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్స్‌లో దాంతో చాలా అవస్థ పడ్డారు.

ప్లేస్కూల్‌లో చేర్చినప్పుడు టీచర్ ‘ఇంత పెద్ద పేరా, సీను అని రాసుకోనా’ అని అడిగింది. పిలవడానికి సీను అనండి, రిజిస్టర్‌లో మాత్రం పూర్తిగా రాయండి అన్నాను. రాసింది, స్పెల్లింగు నన్ను అడక్కుండానే, సరిగ్గా.