మందు పెట్టని చేలో ఎలుకల వేట

ఉదయగిరి కోట చూసి నెల్లూరు వైపు వస్తూ దారిలో ఒక హోటల్లో ఆగాం. సర్వర్ కుర్రాడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "చెవులపిల్లి ఉంది సార్, రాత్రి కొట్టిందే" అన్నాడు. చెవులపిల్లి అంటే కుందేలు. వేటగాళ్లు తలకు లైటు కట్టుకుని చీకట్లో పోతారు. కళ్లలో వెలుగు పడితే కుందేలు ఉన్నచోటే నిలిచిపోతుంది. పారిపోయే దారి కూడా దానికి ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది నేరమని వాళ్లకూ తెలుసు, తినేవాళ్లకూ తెలుసు. ఆ హోటల్లో కోడి, మటన్, చేపల పులుసు అన్నీ ఉన్నాయి. ఆకలి కోసం చంపింది కాదది. నాకు చాలా కోపం వచ్చింది. అన్నం, పప్పు తెప్పించుకుని తిని లేచాం.

నేను మాంసం తింటాను. మానాలని కూడా అనుకోవడం లేదు. కానీ చంపడం ఎవరో కంటికి కనపడకుండా చేసిపెడితే నేను తినడం ఎంతవరకు సబబు అనేది కొన్నేళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న. అందుకే విడవలూరు వైపు వ్యవసాయం చేసే మిత్రుడు "కోతలు అయిపోయినాయి, యానాదులు ఎలకలు పట్టడానికి వస్తా ఉండారు, రా" అని ఫోన్ చేసినప్పుడు వెంటనే బయల్దేరాను.

పెన్నా డెల్టాలో మార్చి ఎండకు కోసిన మళ్లు బీటలు తీసి ఉన్నాయి. గట్టు మీద ఒక పెద్దాయన, ఆయన భార్య, ఇద్దరు కుర్రాళ్లు. పెద్దాయన పని మొదలుపెట్టకుండా మా మిత్రుణ్ణి ఒకే మాట అడిగాడు.

"మందు పెట్టినావా అయ్యా?"

"ఈ చేలో పెట్టలేదు తాతా. అవతల గట్టు దాటితే పెట్టినారు."

"అయితే ఆ పక్క మేం పోం."

నన్ను అక్కడే ఆపేసిన మాట అది. మందంటే ఎలుకల్ని చంపే విషం, జింక్ ఫాస్ఫైడ్. 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు కలిపి పొట్లాలు కట్టి కలుగుల్లో వేస్తారు. ముందు రెండు రోజులు వట్టి నూకలు పెట్టి ఎలుకలకు అలవాటు చేస్తారు. పొట్టలోకి పోయాక అది విషవాయువు అవుతుంది. బ్రోమడయోలోన్ వేసేవాళ్లూ ఉన్నారు. అది తిన్న ఎలుక రోజుల తరబడి తిరిగి చస్తుంది. దాని కాలేయంలో మందు నిలిచి ఉంటుంది కాబట్టి ఆ ఎలుకను తిన్న గుడ్లగూబకూ ముప్పే. పట్టినదాన్ని తన పిల్లలకు వండిపెట్టే మనిషి చేలో విషం ఒప్పుకోడు. మందు చల్లే రైతుకు ఆ అవసరం లేదు. చచ్చిన ఎలుక ఎటు పోయిందో అతను చూడనక్కర్లేదు.

పెద్దాయన కలుగు చుట్టూ తిరిగి, మిగతా దారులన్నీ మట్టితో మూయించాడు. అడుగున చిల్లు ఉన్న కుండలో గడ్డి కుక్కి నిప్పు వేశాడు. కుండ మూతి కలుగుకు ఆనించి చిల్లులోంచి ఊదాడు. నేనూ కాసేపు ఊదాను. పొగకు కళ్లు మండిపోయాయి. తర్వాత పలుగుతో తవ్వకం. సొమ్మసిల్లిన ఎలుకలను ఒక్కొక్కటిగా తీసి వెంటనే చంపాడు. లోపలి గదిలో అవి దాచుకున్న వరి వెన్నులు దోసెళ్లకొద్దీ వచ్చాయి. అవ్వ వాటిని చీరకొంగులో పోసుకుంది. ఆ వడ్లు వాళ్లవే, అది పాత ఒప్పందం.

ఇంకొంచెం తవ్వితే కళ్లు తెరవని పిల్లలు. గులాబీ రంగులో, వేలెడంత. నేను పెద్దాయన ముఖంలోకి చూశాను. ఆయన వాటినీ ఒక్క దెబ్బకు చంపేశాడు. నా ముఖం చూసి, "తల్లిని మనమే తీసినాం గదా సామీ. వదిలిపెడితే సాయంత్రం దాకా ఏడ్చి చస్తాయి" అన్నాడు. అందులో గొప్ప చెప్పుకోవడం లేదు, సంజాయిషీ లేదు. ఆ పని నా కళ్ల ముందు జరిగింది, నేను ఊదిన పొగతో. కోళ్ల షాపు ముందు నిలబడి అరకిలో అని చెప్పి ఫోన్ చూసుకునే నాకు ఆ బరువు ఎప్పుడూ తెలియలేదు.

గడ్డి మంట మీద వెంట్రుకలు కాల్చి, పొట్ట శుభ్రం చేసి, ఉప్పు కారం రాసి కాల్చారు. ఒకటి నా చేతిలో పెట్టారు. పూర్తిగా తిన్నాను, ఎముకలు మిగిలేదాకా. వేటలో పేదరికం కూడా ఉందని మర్చిపోలేను. ఇష్టపడి ఎంచుకున్న పని అని వాళ్లెవరూ అనలేదు. కుర్రాళ్లలో ఒకడు నెల్లూరులో ఏదైనా పని చూడమని మిత్రుణ్ణి అడిగాడు కూడా. అయినా చంపిన ప్రాణానికి వాళ్లు ఇచ్చే లెక్క, హోటల్లో చెవులపిల్లి అమ్మేవాళ్లు ఇవ్వరు, నేనూ ఇంతవరకూ ఇవ్వలేదు.

పొద్దు వాలుతుండగా మిత్రుడు కూలి డబ్బులు ఇచ్చి, "వచ్చే పంటకు అవతల గట్టోళ్లతో కూడా మాట్లాడతా తాతా, మందు వేయొద్దని" అన్నాడు.

"ముందే కబురు పెట్టు అయ్యా. ఒక్క పొట్లం వేసినా మేం దిగం."

మిత్రుడు అక్కడే నిలబడి పక్క రైతుకు ఫోన్ కలిపాడు.