మూత రావట్లేదు మిస్

"బయటికి రా నాన్నా" అంటే ఇంకా లోపలికి జరుగుతున్నాడు. రెండో తరగతి, ఆఖరి బెంచీ కింద. అప్పటికే పెన్సిల్ బాక్స్ విసిరేశాడు, పక్కమ్మాయి నుదుటి మీద బొప్పి కట్టింది.

లాగితే కరుస్తాడు, తెలుసు. మిగతా పిల్లల్ని రంగులు వేసుకోమని, చీర కొంగు దోపుకుని నేనూ కింద కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కాసేపటికి స్టీలు టిఫిన్ బాక్స్ నా వైపు తోశాడు. "మూత రావట్లేదు మిస్."

లంచ్ అయిపోయి గంట దాటింది. అనంతపురం నుంచి ఈ మధ్యే బెంగళూరు వచ్చిన పిల్లాడు. కన్నడం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయమ్మని అడగడానికి సిగ్గు. ఆ మూత తీయడానికి నాకే చెమటలు పట్టాయి, వాడి వేళ్లకేం వస్తుంది! చిత్రాన్నం చల్లారి ముద్దయిపోయింది. అయినా మెతుకు మిగల్చలేదు.

తిన్నాక వాడే వెళ్లి ఆ పాప ముందు నిలబడ్డాడు. సారీ అనలేదు, తన ఎరేజర్ ఇచ్చాడు. ఆ పాప తీసుకుంది. అంతే, గొడవ అయిపోయింది వాళ్లకి.

స్టాఫ్ రూమ్‌లో మాత్రం "రెండు తగిలిస్తే దారికొస్తాడు" అన్నారొక సీనియర్. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అందరి ముందూ నవ్వులపాలు చేయడం కూడా అందులోకే వస్తుందని చాలామందికి పట్టదు. ఏం చేయకూడదో చట్టం చెప్పింది, సరే. 40 మందిలో ఒకడి పక్కన నేల మీద కూర్చునే టైమ్ ఎవరిస్తారు?

రేపట్నుంచి లంచ్ బెల్‌కి ముందే మూతలన్నీ నేనే వదులు చేస్తాను. బొప్పి కట్టిన పాప వాళ్లమ్మ పొద్దున్నే వస్తానన్నారు, అదీ నా టెన్షన్. మీ స్కూళ్లలో ఇలాంటప్పుడు ఏం చెబుతారు?