ఫ్యాట్ పర్సెంటేజ్ అడక్కండి, మిల్లీమీటర్లు చెప్తాను

జిమ్‌లో మెషీన్ ఎక్కితే 18 శాతం, డెక్సా అనే ఎక్స్-రే స్కాన్‌లో 21, కోచ్ కాలిపర్ (చర్మం మడత మందం కొలిచే పటకారు లాంటి సాధనం) పెట్టి చూస్తే 12. మనిషి ఒక్కడే, వారం కూడా ఒక్కటే. "ఇందులో ఏది కరెక్ట్ సార్?" అని మా గ్రౌండ్‌కొచ్చే కబడ్డీ కుర్రాళ్లలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అసలు సంగతేంటంటే ఈ మూడింట్లో ఏదీ కొవ్వును తూచలేదు. బతికున్న మనిషి ఒంట్లో కొవ్వును నేరుగా తూచే పద్ధతే లేదు. ఇంకేదో కొలిచి, దాన్నిబట్టి కొవ్వు ఎంత ఉండొచ్చో లెక్క కడతారు, అంతే. ఏం కొలిచారు, ఆ లెక్క ఎవరి ఒళ్లు చూసి కట్టారు అన్న దగ్గరే తేడా అంతా వస్తుంది.

ముందు నీళ్ల తూకం గురించి చెప్పాలి, ఎందుకంటే మిగతా పద్ధతులు చాలావరకు దాన్ని ఆధారం చేసుకున్నవే. అమెరికా నేవీ డాక్టర్ ఆల్బర్ట్ బెంకే 1942లో 25 మంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను (మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే అమెరికా ఆట) నీళ్లలో ముంచి తూచాడు. ఎత్తు బరువుల పట్టిక ప్రకారం వాళ్లలో 17 మంది బరువెక్కువై సైన్యానికి పనికిరానివాళ్లు. నీళ్లలో తూచాక తేలిందేమిటంటే ఆ బరువులో ఎక్కువ భాగం కండ. కొవ్వు తేలుతుంది, కండ, ఎముక మునుగుతాయి, కాబట్టి ఒంటి సాంద్రత తెలిస్తే కొవ్వు వాటా తెలుస్తుందన్నమాట. 1961లో సిరి అనే ఆయన దీనికి కట్టిన సూత్రాన్నే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు: 495ని సాంద్రతతో భాగించి 450 తీసేయాలి.

ఈ సూత్రంలో కొవ్వు సాంద్రత 0.9, మిగతా ఒళ్లంతా 1.1 అని పెట్టుకున్నారు. కొవ్వు విషయంలో పెద్ద పేచీ లేదు, కానీ ఏళ్ల తరబడి బరువులెత్తిన మనిషికి ఎముక గట్టిగా ఉండి ఆ "మిగతా ఒళ్లు" 1.1 దాటొచ్చు కదా. సాంద్రత 1.105 వచ్చిందనుకోండి, లెక్క వేసి చూడండి, మైనస్ 2 శాతం వస్తుంది. మైనస్ కొవ్వు! నీళ్లకు బదులు గాలితో అదే పని చేసే బాడ్ పాడ్ అనే గుడ్డు ఆకారపు గది ఉంది, ఒంటికి అతుక్కునే ఈత బట్టలు, జుట్టు మీద టోపీ పెట్టుకుని కూర్చోవాలి. సౌకర్యంగానే ఉంటుంది, కానీ చివరికి వచ్చిన సాంద్రతను మళ్లీ అలాంటి సూత్రంలోనే వేస్తారు.

ఇక కాలిపర్. నాకు ఇష్టమైంది ఇదే, అందరూ చులకనగా చూసేదీ ఇదే. కుడి చేయి వెనక, భుజం ఎముక చివరికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టాలి. గుర్తు మీద బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్నీ దాని కింది కొవ్వునూ కలిపి పట్టి లాగాలి, కండ రాకూడదు. వేళ్లకు ఒక సెంటీమీటరు కింద కాలిపర్ పెట్టి, లివర్ పూర్తిగా వదిలేసి, రెండు సెకన్లకు ముల్లు చూడాలి. ఇంకా ఆగితే కొవ్వు అణిగిపోతూ అంకె దిగుతూనే ఉంటుంది, ఆ దిగే అంకె చూసి కుర్రాళ్లు "ఇంకొంచెం ఆగండి సార్" అంటారు! ఇలా ఎనిమిది చోట్ల: చేయి వెనక, చేయి ముందు, రెక్క ఎముక కింద, నడుం పక్కన రెండు చోట్ల, బొడ్డు పక్కన, తొడ ముందు, పిక్క లోపలివైపు. ఒక రౌండ్ అయ్యాక మళ్లీ మొదటి నుంచి ఇంకో రౌండ్. ప్రాక్టీస్ అయ్యాక కొలవకూడదు, చెమటకు చర్మం జారుతుంది, ఒళ్లు వేడెక్కి చర్మం కాస్త ఉబ్బి కూడా ఉంటుంది.

ఇక్కడి వరకూ ఇది శుభ్రమైన కొలత. పాడయ్యేది తర్వాతే, ఆ మిల్లీమీటర్లను శాతంగా మార్చేటప్పుడు. మగవాళ్లకు 1978 నాటి జాక్సన్, పొలాక్ సూత్రం బాగా వాడుకలో ఉంది: ఛాతీ, పొట్ట, తొడ, మూడు మడతల మొత్తం, దానికి వయసు. మూడూ కలిపి 40 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. 22 ఏళ్ల కుర్రాడికైతే 11.2 శాతం, 45 ఏళ్ల ఆయనకైతే 13.8 శాతం. మడతలు అవే, ముల్లు చూపించిందీ అదే. వయసుతో లోపలి కొవ్వు పెరుగుతుంది కాబట్టి సగటున అది సబబే, కానీ 45 ఏళ్లొచ్చినా రోజూ పరిగెత్తే ఆయనకు ఆ సగటు ఎందుకు అంటగట్టాలి? పైగా ఇంత చేసీ మళ్లీ వచ్చేది సాంద్రతే, అది వెళ్లేది సిరి సూత్రంలోకే. ఊహ మీద ఊహ. అందుకే ఆటగాళ్లతో పనిచేసేవాళ్లు చాలామంది ఆ ఎనిమిది మడతల మొత్తాన్నే మిల్లీమీటర్లలో రాసుకుని వదిలేస్తారు, శాతం జోలికే వెళ్లరు. నేనూ అంతే.

జిమ్ మెషీన్ సంగతి తొందరగా ముగిస్తాను. అది ఒంట్లోకి చిన్న కరెంటు పంపిస్తుంది, కరెంటు నీళ్లున్న చోట బాగా పోతుంది, కండలో నీళ్లెక్కువ, కొవ్వులో తక్కువ. అంటే అది కొలిచేది నీళ్లను. మే నెల ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉన్నప్పుడు ఎక్కితే కొవ్వు పెరిగినట్టు చూపించొచ్చు. లీటరు నీళ్లు గటగటా తాగి వెంటనే ఎక్కినా పెరిగినట్టే చూపిస్తుంది, బరువు పెరిగింది కానీ పొట్టలో నీళ్లు కరెంటుకు ఇంకా తెలియవు కాబట్టి. కాళ్లు మాత్రమే ఆనించే ఇంటి స్కేలయితే కరెంటు కాళ్లలో తిరిగొస్తుంది, నడుం పైన ఉన్నదంతా అంచనాయే. కొన్ని స్కేళ్లలో "అథ్లెట్ మోడ్" అని ఉంటుంది, అది నొక్కగానే అదే నిమిషంలో అదే మనిషికి కొవ్వు శాతం టపీమని పడిపోతుంది. ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు.

డెక్సా అంటే మాత్రం అందరికీ భక్తి. 2023 జనవరిలో బీసీసీఐ సెలెక్షన్‌లో యో-యో టెస్టుతో (అటూ ఇటూ వేగం పెంచుతూ పరిగెత్తించే ఫిట్‌నెస్ పరీక్ష) పాటు డెక్సా కూడా ఉంటుందని చెప్పినప్పటి నుంచి ఆ భక్తి ఇంకా పెరిగింది. ఇది రెండు రకాల శక్తితో ఎక్స్-రే పంపి ఎముక, కొవ్వు, మిగతా కణజాలం వేరు చేస్తుంది. రేడియేషన్ ఛాతీ ఎక్స్-రే కంటే తక్కువ, భయం అక్కర్లేదు. ఏ చేతిలో ఎంత, ఏ కాలిలో ఎంత అని విడివిడిగా చెప్పడం దీని గొప్ప, మోకాలి గాయం నుంచి కోలుకుంటున్న ఆటగాడికి అది చాలా పనికొస్తుంది. కానీ ఎముక ఉన్న చోట దాని చుట్టూ కొవ్వు ఎంతో నేరుగా తెలియదు, పక్కన చూసి అంచనా కడుతుంది. ముందురోజు బాగా అన్నం తిని కండల్లో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే పిండిపదార్థం) నిండితే, దాంతోపాటు పట్టిన నీళ్లు కూడా కలిసి "కండ పెరిగింది" అంటుంది. కంపెనీ మారితే అంకె మారుతుంది. ఈసారి ఒక సెంటర్‌లో, వచ్చేసారి ఇంకో సెంటర్‌లో తీయించి రెండూ పోల్చుకునేవాళ్లను చూస్తే నాకు డబ్బుల మీద జాలేస్తుంది.

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే అంకె) 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. యుడ్కిన్ మారథాన్లు పరిగెత్తేవాడు, తన వ్యాయామమల్లా లిఫ్ట్ తలుపు మూసుకునేలోపు పరిగెత్తడమే అని యాజ్ఞిక్ గారు సరదాగా రాసుకున్నారు కూడా. ఆ తేడా మొత్తం జాతిదేనని కాదు, కానీ ఒకే బరువు దగ్గర సగటున మనకు కొవ్వెక్కువ అన్నది మాత్రం నిజం. అమెరికా, యూరప్ మనుషుల మీద కట్టిన సూత్రాలు మనకు యథాతథంగా సరిపోతాయని ఎలా అనుకుంటాం?

శాతం నిజంగా అవసరమయ్యే చోటు ఒకటుంది, బరువు కేటగిరీలు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు దించే ప్రయత్నంలో కొన్ని వారాల తేడాలో చనిపోయారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ ప్రతి రెజ్లర్‌కూ కనీస బరువు లెక్కగట్టడం మొదలుపెట్టింది, మగవాళ్లను 5 శాతం కొవ్వు కంటే కిందకు దిగే బరువులో ఆడనివ్వరు. కొలిచే ముందు మూత్రం పరీక్ష చేసి ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నాయని తేల్చుకుంటారు. ఈ మూత్రం పరీక్ష నాకు బాగా నచ్చింది. మన దగ్గర 85 కిలోల కబడ్డీ లిమిట్ కోసం స్వెట్టర్లేసుకుని ఎండలో పరిగెత్తే పిల్లల్ని చూస్తే ఇక్కడా పెడితే బాగుండనిపిస్తుంది.

మా దగ్గర ఒక రైడర్ బరువు నెలంతా 84 దగ్గరే ఆగిపోయిందని అన్నం మానేసే పరిస్థితికి వచ్చాడు. మడతలు చూస్తే మొత్తం 92 నుంచి 78కి దిగింది, తొడ చుట్టుకొలత కాస్త పెరిగింది. అంటే కొవ్వు పోయి కండ వచ్చింది. వాడి శాతం ఎంతో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. అంకెలు నా నోట్‌బుక్‌లోనే ఉంటాయి, బోర్డు మీద రాయను. ఆడపిల్లల టీమ్‌లయితే ఇంకా జాగ్రత్త, అంకె కోసం తిండి తగ్గించి నెలసరి ఆగిపోయే దాకా వెళ్తే ఆటే కాదు, ఎముకలూ పోతాయి.

కొనేవాళ్లకు ఒక్క మాట: ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే ప్లాస్టిక్ కాలిపర్‌లో వత్తిడి మీ బొటనవేలిదే, అసలైన వాటిలో స్ప్రింగ్ ప్రతిసారీ ఒకేలా నొక్కుతుంది, చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాములు. అంత డబ్బు పెట్టలేకపోతే టైలర్ టేపు తీసుకుని ప్రతి రెండు వారాలకోసారి, పొద్దున్నే టిఫిన్‌కు ముందు, బొడ్డు దగ్గర నడుం కొలుచుకోండి. ప్రతిసారీ ఒక్కరే కొలవాలి. పొట్ట లోపలికి పీల్చకుండా.