నాలుగో నంబరు సీసా

ఈ రోజు ల్యాబులో నాలుగో నంబరు సీసా పగిలింది. ఇంటికొచ్చి చెప్తే, "రేటెంత ఉంటుంది?" అని అడిగి మా ఆయన ముత్తుకూరు ఆక్వా చెరువుల దగ్గరికి వెళ్ళిపోయారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాలుగో నంబరంటే ఏదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రాక్టికల్స్ వచ్చినప్పుడల్లా దాని గురించి ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను. యూప్లెక్టెల్లా, సముద్రం అడుగున ఉండే గాజు స్పాంజి. జానెడు పైన పొడవు, కాస్త వంపు తిరిగిన తెల్లటి జల్లెడ గొట్టం, కింద పట్టుకుచ్చులాంటి దారాలు. ఎవరు ఎప్పుడు తెచ్చారో స్టాకు రిజిస్టర్లో కూడా సరిగ్గా లేదు, అంత పాతది. లేబులు మీద సిరా గోధుమరంగుకు తిరిగిపోయింది. నేను చేరి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో స్పాటర్లు (చూసి పేరు గుర్తుపట్టాల్సిన నమూనాలు) పెట్టిన ప్రతిసారీ ఆ సీసా నా చేతుల్తో నేనే బల్ల మీద పెట్టాను, నేనే తీశాను.

వచ్చే వారం పై నుంచి టీం వస్తుందని కాలేజీ అంతా దులుపుతున్నారు. అలమరలు ఖాళీ చేసి సీసాలన్నీ కింద పెట్టారు. నేను సెకండియర్ క్లాసులో ఉన్నాను. చప్పుడు వినబడింది. వెళ్ళేసరికి మా అటెండరన్న చీపురు, చేట పట్టుకుని ఊడుస్తున్నాడు.

"ఏం లేదు మేడం, బీరపీచు సీసా పగిలింది. మా పెరట్లో కాయలు ఎండి ఉండాయి, రేపు ఇంకోటి తెచ్చి పెడతా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది పీచు కాదు, జంతువు!" అని అరిచాను. గుమ్మంలో పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఆయన చీపురు అట్టాగే పట్టుకుని, "జంతువా మేడం ఇది?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. ఆయన చీపురు గోడకు ఆనించి, గొంతుక్కూర్చుని, ఒక్కో ముక్కా చేత్తో ఏరి న్యూస్‌పేపర్లో పెట్టడం మొదలుపెట్టాడు. నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను.

అక్కడ మొదలైంది అసలు మంట. "స్పెసిమెనే కదమ్మా! పగిలిందని రాసివ్వండి, రిజిస్టర్లో కొట్టేద్దాం. ఫ్లెక్సీ అతనికి చెప్తే సాయంత్రానికి బొమ్మ వేసి ఇస్తాడు, గోడకు పెద్దగా కనిపిస్తుంది" అన్నారు సార్. ఫ్లెక్సీ! పుట్టినరోజు ఫ్లెక్సీ పక్కన స్పాంజి ఫ్లెక్సీ వేస్తాడు, సరే. కానీ ఆ అలమరలో స్పాంజిల వరస ఒక వరసలా నిలబడింది ఆ సీసా వల్లేనని ఎట్లా చెప్పాలి?

స్పాంజిల్ని ఏయే తరగతులుగా, అంటే గుంపులుగా, విడదీశారో పిల్లలకు నేను చెప్పేది ఆ వరస చూపించే. సైకాన్ సున్నపు ముళ్ళది, కాల్కేరియా తరగతి. ఆ ముళ్ళనే మన పుస్తకాల్లో కంటకాలు అంటారు. దాని పక్కన స్పాంజిల్లా, తర్వాత స్నానపు స్పాంజి, రెండూ డెమోస్పాంజియే. తెలిసిన స్పాంజి జాతులు 9,000 పైన ఉంటే, నూటికి 80కి పైగా ఈ ఒక్క తరగతివే. స్పాంజిల్లా మంచినీటిది. చెరువు ఎండిపోయినా గట్టి గింజల్లాంటి మొగ్గలు మిగుల్చుకుని, నీళ్ళు రాగానే మళ్ళీ లేస్తుంది. మన ఎండలు తెలిసిన పిల్లలకు ఈ మాట బాగా ఎక్కుతుంది. ఇక హెక్సాక్టినెల్లిడాకు, అంటే గాజు స్పాంజిల తరగతికి, మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క సీసా. ఇప్పుడు అదీ లేదు. హోమోస్క్లీరోమార్ఫాను 2012లో విడిగా నాలుగో తరగతి చేశారు. దానికి సీసా ఎప్పుడూ లేదు, గోడ మీద చార్టులో ఇప్పటికీ మూడే ఉన్నాయి. ఆ చార్టు మార్చమని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది. ఫ్లెక్సీకి మాత్రం ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు.

స్టాఫ్‌రూములో ఇంకొకరు, "మీరు రొయ్యల కథ చెప్తారే, అదేనా?" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంది. కథ మీకు తెలిసిందే. చిన్న రొయ్యల జంట ఒకటి పిల్లలుగా ఉన్నప్పుడు ఆ గాజు బుట్టలోకి దూరి, లోపలే పెరిగి, ఇక బయటికి రాలేక జీవితమంతా అక్కడే ఉంటాయి. జపాన్‌లో పెళ్ళికానుకగా దీన్ని ఇచ్చేవాళ్ళు. పిల్లలు చెవులప్పగించి వింటారు. పరీక్షలో అర పేజీ రొయ్యల గురించి రాసి, స్పాంజి గురించి రెండు లైన్లు రాస్తారు. ఇల్లు ఎవరిదో ఎవరికీ అక్కర్లేదు, అద్దెకున్నవాళ్ళ కథే కావాలి. నిన్నటిదాకా ఆ కథ చెప్తే పిల్లలకు ఆసక్తి పుడుతుందని అనుకునేదాన్ని. ఇవాళ అనిపించింది, ఆ కథ నేను చెప్పకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఇల్లు అంత చిన్న సంగతి కాదు. నోరు లేదు, పొట్ట లేదు, గుండె లేదు, నరం లేదు. ఒళ్ళంతా సన్న రంధ్రాలు, లోపల కాలర్ కణాలు. ఒక్కో కణానికీ కొరడాలాంటి ఒక్కో కశాభం. అవి కొట్టుకుంటూ ఉంటే నీళ్ళు రంధ్రాల్లోంచి లోపలికి వచ్చి, పైనున్న పెద్ద ద్వారం నుంచి బయటికి పోతాయి. తిండి, ఊపిరి అన్నీ ఆ నీళ్ళతోనే. చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ అరగంట ఆగితే మా ఆయనకు ఎంత టెన్షనో మీకు తెలుసు. ఈ జంతువు తనే ఏరియేటర్. చూపుడువేలంత ఉండే సున్నపు స్పాంజి ఒకటి రోజుకు 22 లీటర్లకు పైగా నీళ్ళు లాగి వదులుతుందని లెక్క కట్టారు. మన ఇంటికొచ్చే వాటర్ క్యాన్ 20 లీటర్లే.

గాజు స్పాంజిలైతే ఇంకా వింత. బతికున్నప్పుడు వాటి ఒళ్ళు చాలా భాగం గోడల్లేని ఇల్లు, కణానికీ కణానికీ మధ్య అడ్డు లేకుండా ఒకటే సాగిన పొర. అందుకే నరాలు లేకపోయినా, వాటిలో కొన్నింటిని తాకితే ఒంటినిండా విద్యుత్ కబురు పాకి నీటి పంపు ఆగిపోతుంది. యూప్లెక్టెల్లా దారాలు ఆప్టికల్ ఫైబర్‌లా వెలుతురు మోస్తాయని 2003లో తేల్చారు. కొలిమి లేదు, మంట లేదు, సముద్రం అడుగున చల్లటి నీళ్ళలో గాజు పోసుకుంది. దీనికి పేరు పెట్టింది 1841లో, రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త. ఇదంతా ప్రిన్సిపాల్ గదిలో చెప్పాలనుకున్నాను. చెప్పలేక వచ్చేశాను.

స్పాంజిని జంతువుగా మొదట నా ముందు నిలబెట్టింది మా డిగ్రీ మేడం. ఒక ఆదివారం మమ్మల్ని అయిదుగురిని మైపాడు బీచికి తీసుకెళ్ళారు. రెండు బస్సులు వదిలేసి మూడోదాంట్లో సీట్లు దొరికాక ఎక్కాం. పులిహోర ఆమే చేసి తెచ్చారు, స్టీలు క్యారియర్ మూడు గిన్నెలది. బతికున్న స్పాంజి చూపిస్తారేమోనని మేమంతా ఆశగా పోయాం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇసుకే. "స్పాంజికి పట్టుకోవడానికి గట్టిది కావాలర్రా. ఇసుక మీద ఎక్కడ నిలబడుతుంది?" అన్నారు మేడం. మరి ఎందుకు తెచ్చారని మా స్నేహితురాలు గొణిగింది. ఆ గొణుగుడు మేడం విన్నారని ఇప్పటికీ నా అనుమానం. ఏమీ అనకుండా వంగి వంగి చూస్తూ పోయి, ఒక ఆలిచిప్ప తీసి నా అరచేతిలో పెట్టారు.

చిప్ప నిండా గుండ్రటి చిల్లులు, అచ్చం కారప్పూస బిళ్ళ. పురుగు తినిందన్నాను. రాయి మీద పెట్టి అంచు పగలగొట్టి చూపించారు. లోపలంతా గదులు, ఒక గదిలోంచి ఇంకో గదికి దారులు. "క్లయోనా. ఇదీ స్పాంజే. చిప్పను కాస్త కరిగిస్తుంది, సన్న పెచ్చులుగా కోస్తుంది, లోపల ఇల్లు కట్టుకుంటుంది. పోయాక ఇల్లు మిగిలింది" అన్నారు. అన్నం మాట మరిచిపోయి అక్కడే కూర్చున్నాం.

అప్పుడు చెప్పారు రాబర్ట్ గ్రాంట్ గురించి. స్పాంజి మొక్కా, జంతువా అని అందరూ కొట్టుకుంటున్న రోజుల్లో, 1825 ప్రాంతంలో, స్కాట్లండ్‌లో ఆయన బతికున్న ముక్కను సముద్రపు నీళ్ళలో పెట్టి మైక్రోస్కోపు కింద కళ్ళార్పకుండా చూశాడట. రంధ్రంలోంచి నీళ్ళు ధారగా ఎగజిమ్ముతూ కనిపించాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకే కుర్రాడు డార్విన్ ఆయన వెంట ఆ తీరంలో తిరిగాడు. స్పాంజిలన్నిటికీ కలిపి పొరిఫెరా అనే పేరు కూడా గ్రాంటుదే, 1836లో. ఇంకోటి, విల్సన్ అనే శాస్త్రవేత్త 1907లో చేసిన ప్రయోగం. మేడం పమిట చెంగు చాపి పట్టుకుని, రెండో చేత్తో పిండినట్టు చేసి చూపించారు. "ఇట్లా సన్నటి పట్టుగుడ్డలోంచి బతికున్న స్పాంజిని పిండేశాడు. కణాలన్నీ విడివిడిగా అవతల పడ్డాయి. కాసేపటికి అవే పాక్కుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుని, మళ్ళీ స్పాంజి అయినాయి." గాలికి ఆ చెంగు ఎగురుతూనే ఉంది, ఆమె వదల్లేదు. మేడం ఇప్పుడు లేరు. చిప్ప ఉంది, టీవీ పక్కన. అత్తయ్య అందులో బీరువా తాళాలు పెడతారు.

అన్నం తినేటప్పుడు ఇదంతా తలుచుకుంటూ కూర్చున్నాను. అత్తయ్య పప్పు వడ్డిస్తూ, "ఏందమ్మా ఆ మొగం? గాజేగా పగిలింది, ఎవురికీ తెగలేదు గదా?" అన్నారు.

చేతిలో ముద్ద అట్టాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం నుంచి ఇప్పటిదాకా ఆ ప్రశ్న నాకు రాలేదు. ప్రిన్సిపాల్‌కు రాలేదు, స్టాఫ్‌రూములో ఎవరికీ రాలేదు. వాళ్ళ సంగతి వదిలేస్తాను, వాళ్ళకు అందులో ఏముందో తెలియదు. నాకు తెలుసు. ఆ కింది కుచ్చు దారాలకు చివర్న కొక్కేలుంటాయి, సముద్రం అడుగున బురదలో దిగబడి ఊడకుండా. వెంట్రుకకంటే సన్నటి గాజు. చర్మంలో దిగితే కంటికి కనబడదు, రుద్దితే విరిగి ఇంకా లోపలికి పోతుంది. ఇది ప్రతి ఏడాదీ పిల్లలకు చెప్పి, ముట్టుకోవద్దనేదాన్ని. అటెండరన్న చీపురుతో ఊడ్చి పారేస్తే ఒక్కటీ గుచ్చుకునేది కాదు. జంతువని నేను అరిచాక చీపురు పక్కన పెట్టాడు. సీసా పెంకుల్లోంచి ఆ దారాలు ఒక్కొక్కటే ఏరాడు.

సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర ఆయన బొటనవేలు ప్యాంటుకేసి రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. దుమ్ము తుడుచుకుంటున్నాడనుకున్నాను. పొట్లం నా చేతికిచ్చి, "ఒక్కటి కూడా పోలేదు మేడం" అన్నాడు. నేను సరే అని తీసుకుని ఆటో ఎక్కాను. థాంక్స్ కూడా చెప్పలేదు.

ఫోన్ చేద్దామని చూశాను. పదకొండేళ్ళుగా ఒకే ల్యాబు, ఆయన నంబరు నా ఫోన్లో లేదు. గ్రూపులో అడిగితే ఈ వేళప్పుడు ఎందుకని పది ప్రశ్నలు వస్తాయి. అయినా అడిగాను. ఇంకా ఎవరూ చూడలేదు.

పొట్లం ఇప్పుడు నా ముందే విప్పి ఉంది. పెద్ద ముక్క ఒకటి అగ్గిపెట్టె అంత. సెల్ టార్చి పక్కనుంచి వేస్తే దారాలు తళుక్కుమంటున్నాయి. నిలువు, అడ్డం, వాటి మీద ఏటవాలుగా జంట జంటగా పట్టీలు, అచ్చం వెదురు తడికె అల్లిక. ఒక గడి మూసి, ఒక గడి తెరిచి, మళ్ళీ ఒకటి మూసి. సీసా మందం గాజు వెనక నుంచి చూసినన్నాళ్ళూ ఈ గళ్ళ లెక్క నాకు కనబడలేదు. బతికున్న స్పాంజి అయితే విల్సన్ గుడ్డలోంచి పిండినా మళ్ళీ కలిసేది. ఇది చచ్చి ఎన్నేళ్ళయిందో, ఇక కలవదు. ముక్కలుగానే స్లయిడ్ల మీద పెట్టొచ్చు. ఆరు కొమ్మల కంటకం విడిగా దొరికితే మైక్రోస్కోపులో పెట్టి, పిల్లలకన్నా ముందు అటెండరన్నను పిలిచి చూపించాలి. మధ్యాహ్నం ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు కదా.

గుచ్చుకున్న గాజు ముళ్ళకు రుద్దకుండా టేపు అంటించి లాగాలి. ఇంట్లో బ్యాండేజీ టేపు చుట్ట ఒకటుంటే బ్యాగులో వేసుకున్నాను, పక్కనే పట్టకారు కూడా. మా ఆయన ఇప్పుడే ఫోన్ చేశారు, కరెంటు పోయి జనరేటర్ మీద ఏరియేటర్లు నడుస్తున్నాయట, తెల్లారిగానీ రారట. నేను పొద్దున ఏడున్నర బస్సుకే వెళ్తాను. అటెండరన్న ల్యాబు తాళం తీసేది ఎనిమిదిన్నరకు.